ఉగాదికి ముందు పదిహేను రోజులు

ఉగాది సాయంత్రం గుడి అరుగు మీద పంచాంగ శ్రవణానికి కూర్చున్న జనమంతా ఒక్కసారిగా చెవి ఒగ్గే ఘట్టం ఒకటుంది. నవనాయకుల ఫలాలు, ఈ ఏడు ఎన్ని తూముల వాన అన్న సంగతులు చదువుతున్నంతసేపూ పక్కవాళ్లతో మాట్లాడుతున్నవాళ్లు కూడా, రాశుల ఆదాయ వ్యయాలు మొదలవగానే సర్దుకు కూర్చుంటారు. తన రాశికి ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు అని వస్తే ముఖం విప్పారుతుంది. అటుది ఇటు, ఇటుది అటు అయితే మనసు చిన్నబోతుంది. ఆ ఆచారాన్ని నేను కాదనను. ఏడాదికి ఒక్కసారైనా ఆదాయం, వ్యయం అన్న రెండు మాటలు ఇంటిల్లిపాదీ కలిసి వినడం మంచి అలవాటే. నా ఫిర్యాదల్లా ఒక్కటి: మన రాశి ఆదాయం ఎంతో ఊరందరికీ తెలుస్తుంది గానీ, మన నాలుగెకరాల ఆదాయం ఎంతో మన ఇంట్లోవాళ్లకే తెలియదు. చిన్న కమతం మీద బతికే కుటుంబం ఉగాదికి ముందే కూర్చుని తన ఆదాయ వ్యయాలను తానే రాసుకోవాలనీ, ఆ లెక్కలో ఇంటి మనుషుల చెమటకు కూడా వెల కట్టాలనీ, ఆ తర్వాతే కొత్త సాలుకు ఏ నిర్ణయమైనా తీసుకోవాలనీ ఈ అధ్యాయంలో నేను వాదించబోతున్నాను.

వసంతంలోనే ఎందుకు? కర్ణాటకలోని బీదర్ జిల్లా బసవకళ్యాణ్ చుట్టుపక్కల నల్లరేగడిని ఒకసారి మనసులో పెట్టుకుని చూడండి. వానాకాలపు పెసర, మినుము, సోయా ఎప్పుడో ఇంటికి చేరి అమ్ముడుపోయి ఉంటాయి. అక్కడివాళ్లు తొగరి అని పిలిచే కంది సంక్రాంతి అటూ ఇటూగా కోతకు వస్తుంది. ఊచబియ్యం తినే రోజులు దాటి జొన్న గింజ ముదురుతుంది. మాఘ ఫాల్గుణాల్లో శనగ పీకుతారు, జొన్న కోస్తారు, చింతచెట్లు దులుపుతారు. చెరకు ఫ్యాక్టరీలు క్రషింగు ముగించేదీ ఆ రోజుల్లోనే. ఆ పైన మృగశిర కార్తెలో వాన పడేదాకా చేను నోరు తెరుచుకుని ఎదురుచూడటమే. చూసేవాళ్లకు అది తీరిక కాలంలా ఉంటుంది. నిజానికి ఏడాది మొత్తాన్నీ నడిపించే నిర్ణయాలన్నీ ఆ నెలా నెలన్నరలోనే జరిగిపోతాయి. సొసైటీ అప్పు కట్టడం, తిరిగి తీసుకోవడం, కౌలు మాట్లాడుకోవడం, జీతగాణ్ణి పెట్టుకోవడం, ఎండాకాలం మేపలేని పశువును అమ్మాలా ఉంచాలా అని తేల్చుకోవడం, బసవ జయంతి నాటికి పెళ్లి పెట్టుకుంటే దానికి డబ్బు చూడటం, పదో తరగతి అయిన పిల్లను ఎక్కడ చదివించాలో అనుకోవడం — అన్నీ అప్పుడే. ఇవి ఒకదానికొకటి ముడిపడ్డ సంగతులు. అయినా ఒకటి సొసైటీ గుమ్మంలో, ఒకటి అడ్తి దుకాణంలో, ఒకటి హోటల్ బల్ల దగ్గర, ఎక్కువగా ఒక్క మనిషి నోటిమాట మీద తేలిపోతున్నాయి. హోళీ పున్నమి నుంచి ఉగాది పాడ్యమి దాకా సరిగ్గా ఒక పక్షం ఉంటుంది. లెక్క చూసుకోవడానికి నేను సూచించేది ఆ పక్షాన్నే. అప్పటికి గింజ ఇంట్లో ఉంటుంది, ఖర్చు ఇంకా గుర్తుంటుంది, మార్చి 31 గడువులు మీద పడి ఉండవు, లేదా చేతికందే దూరంలో ఉంటాయి.

చాలా ఇళ్లలో లెక్క అంటే చేతినుంచి పోయిన నోట్ల లెక్క. విత్తనానికి ఇంత, ట్రాక్టరుకు ఇంత, మందుకు ఇంత. ఇంటివాళ్లు చేసిన పని ఆ జాబితాకు ఎక్కదు. దేశంలో పంటల మద్దతు ధరలు సిఫారసు చేసే వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ మాత్రం ఈ తప్పు చేయదు. రైతు చేతినుంచి నగదుగా, సరుకుగా పోయిన ఖర్చును అది ఎ2 అంటుంది. దానికి కుటుంబ శ్రమ విలువను కలిపి ఎ2 ప్లస్ ఎఫ్‌ఎల్ అంటుంది. 2018-19 నుంచి కేంద్రం మద్దతు ధరను ఈ రెండో లెక్కకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండేలా ప్రకటిస్తోంది. మన ఇంటి ఆడవాళ్ల కలుపు తీతకు ఢిల్లీలో ఒక కాగితం మీద వెల ఉంది, మన ఇంట్లో లేదు. ఈ ఒక్క సంగతి ఎవరినైనా ఆలోచింపజేయాలి.

ఒక ఎకరం శనగను తీసుకుని లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకు వేస్తున్నవే, మీ చేను అంకెలు మీరు వేసుకోండి. ఆరు క్వింటాళ్లు పండిందనుకుందాం. 2025-26 మార్కెటింగ్ సీజనుకు శనగ మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. ఆ ధర దొరికితే 33,900 వస్తుంది. దుక్కి, విత్తనం, పురుగుమందు, నూర్పిడి యంత్రం, బండి కిరాయి కలిపి చేతినుంచి 14,000 పోయిందనుకుంటే మిగులు 19,900. ఇక్కడితో ఆగితే ఇల్లంతా సంతోషం. ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. విత్తు దగ్గర్నుంచి నూర్పు దాకా ఇంటాయన పని 22 రోజులు, ఇంటావిడ పని 26 రోజులు అనుకుందాం. ఊళ్లో కూలి రేటు మగవాళ్లకు 400, ఆడవాళ్లకు 300 ఉంటే ఆ రోజుల విలువ 16,600 అవుతుంది. మిగులు 3,300కు దిగింది. అయితే ఆడమనిషికి వంద తక్కువ వేయడం ఊరి అలవాటే గానీ న్యాయం కాదు. పొద్దు పొడవకముందే, మంచు ఆరకముందే చేలోకి దిగి శనగ పీకేది చాలాచోట్ల ఆమే, ఎండెక్కితే కాయ రాలిపోతుంది కాబట్టి. శనగాకు మీద ఊరే పులుసుకు వేళ్లు పగిలి మండుతాయి. ఆ మంటకు వంద తగ్గింపు ఏమిటి? ఇద్దరికీ నాలుగు వందల చొప్పునే వేస్తే రోజుల విలువ 19,200, మిగులు ఏడు వందలు.

ఏడు వందలు చూసి శనగ మానేయమని నేననడం లేదు. తమ చేలో తాము కూలి గిట్టించుకోగలగడం చిన్న విషయం కాదు, ఎన్నో ఊళ్లలో ఫాల్గుణంలో ఆ కూలి కూడా దొరకదు. శనగ తర్వాత నేలకు మిగిలే నత్రజని బలం కూడా లెక్కలోకి రావాలి. కానీ ఇప్పుడు ఆ ఇంట్లో అడగగలిగే ప్రశ్నలు మారాయి. నలభై ఎనిమిది రోజుల్లో ఎక్కువ రోజులు ఏ పని మింగింది? కలుపా, కాపలానా, పీకుడా? రెండు ఇళ్లవాళ్లు బదులు పని పెట్టుకుంటే అందులో ఎన్ని రోజులు తగ్గుతాయి? ఆ ఎకరంలో సగం కుసుమలు వేస్తే ఆమె పని పెరుగుతుందా తగ్గుతుందా? డబ్బు ఖర్చు మాత్రమే చూసేవాడికి ఈ ప్రశ్నలు తోచవు. నగదు తక్కువ పట్టి, ఇంటి ఆడవాళ్ల రోజులు ఎక్కువ పట్టే పంట అతని కంటికి ఎప్పుడూ లాభసాటిగానే కనిపిస్తుంది.

ఇదే లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది. అమ్మకానికి పోని రాబడిని మనం అసలు రాబడిగానే చూడం. ఇంట్లో తాగిన పాలు, ఏడాదికి సరిపడా కట్టిన జొన్నలు, పశువులకు పేర్చిన చొప్పవామి, పప్పుకు పట్టించుకున్న కందులు, గట్టున ఉన్న చింతచెట్టు. చింతపండు పని చూసినవాళ్లకు తెలుసు: దులిపిన కాయను రెండు రోజులు ఎండబెట్టి, పెంకు కొట్టి, నార తీసి, గింజ తీసి, ఉప్పు పట్టించి కుండకెత్తేదాకా ఒక్కో కాయా చేతిలో నాలుగైదుసార్లు తిరుగుతుంది. మధ్యాహ్నాలన్నీ అలా పోతాయి. బజారులో కిలో కొంటే ఎంత పడుతుందో అంత విలువ ఆ కుండలో ఉంది. దాన్ని ఆదాయం వైపు రాయండి, ఎవరు సంపాదించారో కూడా పక్కన రాయండి. వంటపని, నీళ్లు మోయడం, పసిపిల్లలూ ముసలివాళ్లూ, వీటికి రూపాయలు కట్టమని చెప్పను. గంటలు రాస్తే చాలు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనుల్లో పాలుపంచుకునే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. ఆ పనులు చేసే స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది. మీ ఇంటి గంటలు దేశపు సగటుకు దగ్గరగా ఉన్నాయో లేదో ఒక వారం రాసి చూడండి.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. అమ్మ చాకిరీకి, ఆలి చాకిరీకి వెల కడితే అది ఇల్లా, దుకాణమా? లెక్కలు మొదలైన చోట ప్రేమ మిగులుతుందా? ఈ భయం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. లెక్కలు చూసుకుని విడిపోయిన అన్నదమ్ములు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కానీ వాళ్లను విడదీసింది లెక్క చూడటమా, ఏళ్ల తరబడి చూడకపోవడమా అన్నది నిదానంగా ఆలోచించాలి. దీనికి జవాబు బసవకళ్యాణ్ చరిత్రలోనే ఉంది. పన్నెండో శతాబ్దంలో బసవన్న ఉన్న కాలంలో ఈ ఊరికి వలస వచ్చిన దంపతులు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ. వాకిళ్లలో రాలిన బియ్యం ఏరుకొచ్చి, వండి, నలుగురికి పెట్టి తాము తినడం వాళ్ల కాయకం, అంటే పూజగా భావించి చేసే పని. ఒకనాడు మారయ్య రోజూ తెచ్చేదానికంటే ఎక్కువ బియ్యం తెచ్చాడనీ, లక్కమ్మ ఆ మూట చూడగానే ఇది మన అవసరానికి మించిందని, మిగులు తీసుకెళ్లి తెచ్చినచోటే పోసి రమ్మని పంపిందనీ బసవన్న బాటలో నడిచిన శరణుల కథ. ఈ కథను అందరూ అత్యాశ లేకపోవడానికి, భక్తికి ఉదాహరణగా చెబుతారు. నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఎక్కువ వచ్చిందని లక్కమ్మకు ఎలా తెలిసింది? రోజుకెంత కావాలో ఆమెకు కొలత తెలుసు కాబట్టి. కొలత తెలుసు కాబట్టే భర్తకు చెప్పగలిగింది, చెప్పే చనువు ఆ ఇంట్లో ఉంది కాబట్టే అతను విన్నాడు. వాళ్లిద్దరి అనురాగానికి ఆ లెక్క అడ్డు రాలేదు.

రెండో అభ్యంతరం పెద్దరికం గురించి. ఇంటి పెద్ద ఉండగా కోడలూ కొడుకూ కూర్చుని పైరు సంగతి తేల్చడమేమిటని అడిగేవాళ్లు సంప్రదాయాన్ని సాక్ష్యం తెస్తారు. ఆ సాక్ష్యం కూడా ఈ ఊరిదే. చాళుక్యుల రాజధానిగా కళ్యాణి, అంటే నేటి బసవకళ్యాణ్, వెలుగుతున్న రోజుల్లో, 1076 నుంచి 1126 దాకా పాలించిన ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని ఆధారం చేసుకుని తెలుగులో విజ్ఞానేశ్వరీయం చెప్పాడు. తాతల ఆస్తిలో కొడుక్కు పుట్టుకతోనే హక్కు వస్తుందన్నది మితాక్షర మూలసూత్రం. ఆ హక్కును 1986లో ఆంధ్రప్రదేశ్, 1994లో కర్ణాటక, 2005లో దేశమంతటికీ వర్తించేలా పార్లమెంటు, కూతుళ్లకూ ఇచ్చాయి. ఇంటి పెద్దను ఆ ధర్మశాస్త్ర సంప్రదాయం కర్త అంటుంది, అంటే అందరి తరఫునా ఇల్లు నడిపేవాడు. నడిపేవాడికి గౌరవం ఇవ్వాల్సిందే. అందరిదైన నేల మీద అందరి మాటా విని నడపడం ఆ గౌరవానికి తగిన పని. కోడలి పేరు పాసుపుస్తకంలో ఉండకపోవచ్చు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగుదారులుగా నమోదైన వారిలో ఆడవాళ్లు దాదాపు 14 శాతమే. కానీ ఏ సాలులో మొలక పలచగా వచ్చిందో, ఏ మూలన గడ్డి తెగ పెరుగుతుందో ఆమెకు తెలిసినంతగా పాసుపుస్తకం ఉన్నవాడికి తెలియదు. ఆమెను అడగకుండా పంట నిర్ణయించడం మర్యాద తప్పడం అటుంచి, తెలివితక్కువ కూడా.

వాన మన చేతిలో లేదు, ధర మన చేతిలో లేదు, ఇక లెక్క రాసి ఏం లాభం అంటారు కొందరు. ఇది బాధలోంచి వచ్చే మాట, దీనికి ఓపికగా జవాబివ్వాలి. చేతిలో లేనివి రెండు ఉన్నప్పుడు చేతిలో ఉన్నవాటిని గట్టిగా పట్టుకోవాలి. అప్పు చూడండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోగా 4 శాతమే పడుతుంది. లక్ష అప్పు మీద గడువు తప్పడం వల్ల పోయేది ఏడాదికి మూడు వేలు, అంటే పైన వేసిన శనగ లెక్కలో ఊరి కూలి రేటుతో తేలిన ఎకరం మిగులుకు దాదాపు సమానం. ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినది ఏడాదికి 24 శాతం. ఏ అప్పు ముందు తీర్చాలో, దేనికి గడువు ఏ రోజో ఇంట్లో నలుగురికి తెలిసి ఉంటే, ఆ నెలలో ఫ్రిజ్ కొనాలా వద్దా అన్నది తగువు లేకుండానే తేలుతుంది. చెరకు వేసినవాళ్లకు ఇంకో తేదీ కావాలి: 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి. లోడు ఏ రోజు వెళ్లిందో రాసి ఉంచుకోనివాడు ఈ హక్కును అడగలేడు. ఇక విత్తనం. సోయా గింజ పైపొర పలచన, దెబ్బకు, వేడికి మొలక శక్తి తొందరగా పోతుంది. దాచిన గింజలోంచి వంద తీసి, తడి గోనెగుడ్డలో వరుసగా పేర్చి, చుట్టి, నాలుగైదు రోజులు తడి ఆరకుండా ఉంచి లెక్కపెట్టండి. డెబ్బై మొలిస్తే అది విత్తనం. యాభై మొలిస్తే అది నూనెగింజే, అమ్మేసి వేరే విత్తనానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఇది ఫాల్గుణంలో తెలిస్తే నష్టం లేదు. మృగశిరలో, వాన పడ్డాక పదో రోజున తెలిస్తే ఆ ఏడాది పంటే పోయినట్టు.

ఎవరు రాయాలి అన్నది మిగిలింది. పిల్లలు రాయాలి, అయితే చదువుకు అడ్డు రాకుండా. కర్ణాటకలో ఏప్రిల్ రెండో వారానికి బడులు మూసేస్తారు, అంతకుముందు పరీక్షలుంటాయి. పదో తరగతి పిల్లవాణ్ణి మార్చిలో శనగ పీకడానికి తీసుకెళ్లే ఇల్లు అతని ఏడాదిని పణంగా పెడుతోంది, ఆ పని లెక్కలో ఖర్చు వైపే రాయాలి. బాల కార్మిక చట్టం 2016 సవరణ కూడా పద్నాలుగేళ్లలోపు పిల్లలు బడి వేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే, ప్రమాదం లేని పనుల్లో ఇంటివాళ్లకు సాయపడవచ్చంటుంది. మొలక లెక్కపెట్టడం, అమ్మ చెప్పిన రోజులు రాయడం, కూడికలు వేయడం అలాంటి పనులు. పిల్లలకు తమ ఇల్లు ఎలా బతుకుతోందో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేకపోయినా ఆగనక్కర్లేదు. బీదర్ జిల్లాను ఆనుకునే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన దళిత మహిళా రైతుల్లో చాలామందికి అక్షరం రాదు. ఎకరం రెండెకరాల చెలకల్లో పదిహేను ఇరవై రకాలు కలిపి పండించి, విత్తనాన్ని బూడిదతో వేపాకుతో బుట్టల్లో దాచి, ఏటా పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. 2008లో సొంతంగా సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లకు అక్షరం కంటే ముందు వచ్చింది తీర్మానం చేసే అలవాటు. గోడ మీద బొగ్గు గీతలతో కూడా రోజులు లెక్కపెట్టవచ్చు.

కూర్చునే పద్ధతి గురించి రెండు మాటలు. రాత్రి భోజనాలయ్యాక కూర్చోండి, వంట చేసిన మనిషి చేతులు కడుక్కుని వచ్చాకే మొదలుపెట్టండి. ఒక్క రాత్రిలో ముగించాలని చూడొద్దు. మూడు నాలుగు రాత్రులు పడుతుంది, మొదటి రాత్రి రోజుల లెక్క మాత్రమే చాలు. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్లను ముందు అడగండి. చాలా ఇళ్లలో ఒక దాచిన అప్పు బయటపడేది ఇలాంటప్పుడే. బయటపెట్టినవాణ్ణి ఆ రాత్రి ఎవరూ నిలదీయకండి. సాగు ఇళ్లలో మనుషుల్ని కుంగదీసేది అప్పు మొత్తం కంటే ఎక్కువగా దాన్ని ఒంటరిగా మోయడం. ఆ సంఖ్య నలుగురి ముందూ కాగితం మీద పడితే దాన్ని తీర్చే దారి నలుగురూ వెతుకుతారు. కౌలు, జీతం, విత్తనం, పెళ్లి — ఏ మాటైనా ఆ తర్వాతే బయట ఇవ్వండి.

హోళీ మర్నాడు బజారుకు వెళ్లినప్పుడు వంద పేజీల గీతల నోటుబుక్కు ఒకటి తీసుకురండి. మొదటి పేజీలో మీ చేలో పని చేసే ఇంటివాళ్ల పేర్లన్నీ రాయండి. అమ్మ పేరుతో మొదలుపెట్టండి.